కిటికీ తీయాలా, మూయాలా?

పిల్లల డాక్టర్‌కు ఉత్తరాలు

ఈ ఏప్రిల్ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఎండ గురించో, పొగ గురించో రాసినవే. కొందరు రెండూ కలిపి అడిగారు. రామంతాపూర్‌లోని మా క్లినిక్‌లో కూడా ఇప్పుడు తల్లిదండ్రుల నోట ఇదే మాట. అందుకే జలుబులు, టీకాల ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇల్లు బాలానగర్‌లో మెయిన్ రోడ్డు మీదే, రెండో అంతస్తు. బాబుకు ఏడేళ్లు. దీపావళి దాటగానే దగ్గు, పిల్లికూతలు మొదలై సంక్రాంతి దాకా తగ్గవు. ఈసారి ఎండాకాలం వచ్చినా రాత్రిపూట దగ్గుతూనే ఉన్నాడు. డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు. అలవాటైపోతుందని మా అమ్మ వాడనివ్వడం లేదు. జూన్‌లో చేపమందు వేయిద్దాం, అప్పటిదాకా సిరప్ చాలంటోంది. కిటికీ తీస్తే పొగ, మూస్తే ఉక్క. ఇల్లు మారే స్తోమత లేదు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, బాలానగర్

జవాబు: ముందు ఇన్‌హేలర్ సంగతి తేలుద్దాం. బాబుకు ఈ రాత్రే కావలసింది అది. ఇన్‌హేలర్ అలవాటయ్యే మందు కాదు. మీ అమ్మగారికి ఈ లెక్క చూపించండి. పిల్లికూతలకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో ఒక్క పఫ్‌కు 100 మైక్రోగ్రాముల మందు వస్తుంది. అదే మందు సిరప్‌లో 5 ఎంఎల్‌కు 2 మిల్లీగ్రాములు, అంటే 2000 మైక్రోగ్రాములు. సిరప్ కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఈలోగా గుండెదడ, చేతుల వణుకు కూడా రావచ్చు. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఒళ్లు ఎక్కువ మందు మోసేది సిరప్‌తోనే. ఇన్‌హేలర్‌ను స్పేసర్ (మందును నిదానంగా పీల్చుకోవడానికి ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి వాడండి. అది లేకపోతే సగం మందు గొంతులోనే అతుక్కుంటుంది. రోజూ వాడమని ఇంకో ఇన్‌హేలర్ కూడా రాసి ఉంటే, దగ్గు తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. అది వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మమనండి.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు ఎంతెంత దూరం నుంచి జనం వస్తారో నాకు తెలుసు. ఆయాసపడే పిల్లను ఎత్తుకుని క్యూలో నిలబడే తల్లిదండ్రుల బాధను నేను చిన్నచూపు చూడను. కానీ చేపమందుతో ఆస్తమా తగ్గుతుందనడానికి వైద్యపరమైన రుజువు లేదు. దగ్గుతున్న పిల్లాడి చేత బతికున్న చేపపిల్లను మింగించడం ప్రమాదం, గొంతుకు అడ్డం పడవచ్చు. నన్నడిగితే వద్దనే అంటాను. పెద్దావిడ మాట కాదనలేక తీసుకెళ్లినా, ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి.

ఇక గాలి సంగతి. దీపావళికి మొదలై సంక్రాంతికి తగ్గడం కాకతాళీయం కాదు. చలికాలం రాత్రుల్లో నేల చల్లబడి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ, చెత్త మంటల పొగ పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే ఆగిపోతాయి. డిసెంబరులో తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందని ఆస్తమా పిల్లలను వాకింగ్‌కు తీసుకెళ్లేవాళ్లున్నారు. మెయిన్ రోడ్ల పక్కన ఆ వేళలోనే పొగ దట్టంగా ఉంటుంది. చలికాలంలో బాబు ఆటలు ఎండ బాగా ఎక్కాక పెట్టుకోండి.

ఎండాకాలంలో లెక్క తిరగబడుతుంది. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ల మీద, మరికొన్ని ఆవిర్ల మీద గట్టి ఎండ పడితే ఓజోన్ తయారవుతుంది. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండే ఓజోన్ మనల్ని కాపాడుతుంది కానీ, నేల దగ్గర పుట్టేది ఊపిరి గొట్టాలను మండిస్తుంది. అది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. ఎండ ముదిరితే గాలి కూడా చెడుతుందన్నమాట. మీ బాబు దగ్గు మార్చిలోనూ ఆగకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. రోడ్డు దుమ్ము ఎలాగూ ఉంది. సెలవుల్లో మూడింటికి క్రికెట్‌కు పోనివ్వకండి. పొద్దున ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం ఆరు దాటాక ఆడుకోనివ్వండి.

కిటికీకి వేళలు పెట్టుకోవడమే దారి. రోడ్డు వైపు కిటికీ పొద్దున, సాయంత్రం ట్రాఫిక్ రద్దీలో మూసే ఉంచండి. రాత్రి పొద్దుపోయాక పెద్ద లారీలు ఊళ్లోకి వస్తాయి కాబట్టి అప్పుడు కూడా తీయకండి. వెనక వైపు కిటికీయో, వంటింటి తలుపో తీసి గాలి ఆడనివ్వండి. బాబు పడక రోడ్డు వైపు గదిలో ఉంటే ఇవాళే వెనక గదిలోకి మార్చండి. ఇల్లు మారనక్కర్లేదు, గది మారితే కొంత తేడా ఉంటుంది. ఊడ్చే ముందు తడిబట్టతో తుడవడం అలవాటు చేసుకోండి, చీపురుతో లేచిన దుమ్ము చాలాసేపు గాలిలోనే ఉంటుంది.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటి అడుగుతాను. రాత్రి దోమల చుట్ట వెలిగిస్తున్నారా? ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగరేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. రోడ్డు పొగ రాకుండా కిటికీ మూసి, ఆ గదిలోనే చుట్ట వెలిగిస్తే బాబు దగ్గు ఎలా తగ్గుతుంది? దోమతెర కట్టండి. అగరొత్తులు వెలిగించాల్సివస్తే పిల్లాడు పడుకునే గదిలో వద్దు. ఇంట్లో ఎవరైనా బాల్కనీలో సిగరెట్ తాగి లోపలికి వస్తుంటే, ఆ పొగ వాళ్ల బట్టలతో పాటే లోపలికి వస్తుందని చెప్పండి.

సనత్‌నగర్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లోకి వచ్చే గాలి కొలిచే కేంద్రం ఉంది, మీకు దగ్గరే. ఫోన్‌లో 'సమీర్' యాప్‌లో అక్కడి గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) అంకె చూడొచ్చు. 51 నుంచి 100 మధ్య ఉంటే 'సంతృప్తికరం' అని చూపిస్తుంది. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల సంతృప్తి. ఆ స్థాయిలో కూడా ఊపిరి సమస్య ఉన్నవాళ్లకు కాస్త ఇబ్బంది ఉండొచ్చని ఆ సూచీ వివరణలోనే ఉంది. పీఎం 2.5 అనే సన్నటి రేణువులకు మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. ఈ రెంటి మధ్య తేడా పిల్లల ఊపిరితిత్తుల మీద పడుతోంది. దీనికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మీ వీధిలో చెత్త తగలబెడుతుంటే మాత్రం ఊరుకోకండి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఫొటో తీసి మున్సిపల్ యాప్‌లో పెట్టండి. ఒక్కరు పెడితే కదలకపోవచ్చు, వీధిలో పదిమంది పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చింది. పాపకు రెండు నెలలు. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తుంటే అల్లుడు వద్దంటున్నాడు. నా ముగ్గురు పిల్లలకూ వేశాను, ఏమీ కాలేదు. ఇంకో మాట. ఎండలు మండిపోతున్నాయి కదా, పాపకు కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం పట్టొచ్చా?
— ఒక అమ్మమ్మ, నల్లకుంట

జవాబు: అమ్మా, పాపకు ఒళ్లు రుద్ది, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం మీకు తెలిసినంత బాగా మా డాక్టర్లకు కూడా రాదు. అది మానకండి. సాంబ్రాణి విషయంలో మాత్రం నేను మీ అల్లుడి పక్షం. ఆ పొగ తల ఆరడానికి, దోమలు పోవడానికి వేసేవారు. తల ఆరడానికి మెత్తటి నూలుబట్ట చాలు. రెండు నెలల పాప నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, మనం 12 నుంచి 20 సార్లు. గదిలో పొగ ఉంటే తన ఒంటి బరువుకు మనకంటే ఎక్కువ పీల్చేది ఆ పాపే. పైగా ఊపిరితిత్తుల్లో గాలి గదులు చాలావరకు పుట్టాకే, మొదటి రెండు మూడేళ్లలో ఏర్పడతాయి. మీ పిల్లల కాలంలో నల్లకుంటలో ఇన్ని బండ్లు లేవు. ఇప్పుడు వీధిలో పొగ ఎలాగూ తప్పడం లేదు, ఇంట్లో మనం వేసేదైనా ఆపుదాం.

నీళ్లు వద్దమ్మా. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు, రోహిణి కార్తెలో కూడా. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. నీళ్లతో ఆ చిన్న కడుపు నిండితే పాలు తాగడం తగ్గుతుంది, విరేచనాల భయం కూడా ఉంటుంది. పాప రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే నీళ్లు సరిపోతున్నట్టే. ఎండాకాలంలో పాలు మాటిమాటికీ అడుగుతుంది, అడిగినప్పుడల్లా ఇప్పించండి. మంచినీళ్లు, మజ్జిగ, జావ మీ అమ్మాయి చేత తాగించండి. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదనే మాట మీ ఇంట్లో ఉంటే, దయచేసి దాన్ని ఈ ఎండాకాలంలో పక్కన పెట్టండి. పాప చెవులకు గుడ్డ, కాళ్లకు మేజోళ్లు కూడా ఇప్పుడు అవసరం లేదు.

ప్రశ్న: మేం బోరబండలో అద్దెకుంటాం. నాలుగో అంతస్తు మీద రేకుల పెంట్‌హౌస్. పాపకు నాలుగేళ్లు, బాబుకు ఎనిమిది నెలలు. రాత్రి పన్నెండు దాటినా గది చల్లబడదు. ఇద్దరికీ ఒళ్లంతా చెమటకాయలు. కూలర్ కొన్నాం, ఉక్క ఇంకా పెరిగింది. ఏసీ కొనలేం. పిల్లలకు వడదెబ్బ తగులుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, బోరబండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం లాంటివి ఎన్నో వస్తున్నాయి. ఊళ్లో ఎన్ని డిగ్రీలో టీవీలో చెప్పేది నీడలో, గాలి ఆడే చోట కొలిచిన అంకె. రేకుల కింద ఉండేవాళ్ల వేడి అందులో కనపడదు. పగలంతా కాగిన సిమెంటు, తారు రాత్రంతా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. చెట్టూ చెరువూ లేని బస్తీల్లో అది ఇంకా ఎక్కువ. పగలు ఎండలో తిరిగిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మర్నాటికి తట్టుకుంటుంది. మీ పిల్లలకు ఆ విరామం దొరకడం లేదు.

కూలర్ సంగతి తేలిక. మీరు దాన్ని గది లోపల పెట్టి, కిటికీలు మూసి ఉంటారు. తిరిగిన తడిగాలే మళ్లీ తిరిగి ఉక్క పెరుగుతుంది. కూలర్‌ను కిటికీ బయటో, తలుపు దగ్గరో పెట్టి బయటి గాలి లాక్కునేలా చూడండి. ఎదురు కిటికీ తీసి ఉంచితే తడిగాలి బయటికి పోతుంది. ఏప్రిల్‌లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. మబ్బు పట్టి వాన ముసురుకున్న రోజున నీళ్ల పంపు ఆపి ఫ్యాన్‌లా వాడుకోండి. వారానికోసారి నీళ్లు పూర్తిగా పారబోసి, తొట్టి రుద్ది ఆరబెట్టండి. లేకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

అసలు వేడి వస్తున్నది రేకుల్లోంచి. ఇంటి ఓనర్‌తో మాట్లాడండి. రేకుల మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ వేస్తే, అది కుదరకపోతే చిక్కటి సున్నం రెండు పూతలు వేసినా, గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గే అవకాశం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పెద్ద భవనాలకు అది తప్పనిసరి చేసి, మీలాంటి చిన్న ఇళ్లను ఇష్టానికి వదిలేసింది. అత్యంత అవసరమైనవాళ్లే ఆ ఇళ్లలో ఉన్నారు కాబట్టి బస్తీల్లో రేకులకు ప్రభుత్వమే తెల్లరంగు వేయించాలని నా గట్టి అభిప్రాయం. ఒక జాగ్రత్త. అవి సిమెంటు రేకులైతే రంగు వేసే ముందు గీకించకండి, ఇనుప బ్రష్‌తో రుద్దించకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పీచు పీల్చడం మంచిది కాదు. నీళ్లతో కడిగితే చాలు. రంగు పడేదాకా రేకుల కింద పాత చీరలో, వెదురు తడకలో కట్టి మధ్యలో జానెడు ఖాళీ ఉంచండి. ఏది కట్టినా పొయ్యికి, వైర్లకు దూరంగా ఉండాలి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పిల్లలను ఆ గదిలో ఉంచకండి. కింది అంతస్తులో తెలిసినవాళ్ల ఇంట్లోనో, మెట్ల కింద నీడలోనో, అంగన్‌వాడీలోనో గడపండి. అడగడానికి మొహమాటపడకండి. బాబును చీర ఉయ్యాలలో పడుకోబెడుతుంటే మాన్పించండి, చుట్టూ గుడ్డ కప్పేసి గాలి ఆడదు. నేల మీద చాప వేసి, దోమతెర కట్టి పడుకోబెట్టండి. ప్లాస్టిక్ డైపర్ రాత్రి విప్పేయండి. పడుకునే ముందు ఇద్దరికీ మామూలు నీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు పూర్తిగా తుడవకుండా ఫ్యాన్ కింద ఉంచితే హాయిగా ఉంటుంది. చెమటకాయలకు పౌడరు మెత్తకండి, నూనె పూయకండి. చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి, పౌడరు బాబు ఊపిరిలోకి కూడా పోతుంది. పలచటి నూలుబట్టలు, రోజుకు రెండు మూడు స్నానాలతో అవే తగ్గుతాయి. చీము పడితే మాత్రం డాక్టర్‌కు చూపించండి.

బాబుకు ఆరు నెలలు దాటాయి కాబట్టి పాలతో పాటు నీళ్లు పట్టొచ్చు. ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి. ఆరేడు గంటలు మూత్రం పోయకపోవడం, నోరు ఎండిపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, బాబుకు మాడు లోపలికి పోవడం, పాలు తాగకుండా మత్తుగా పడి ఉండటం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

ప్రశ్న: మాకు మూడేళ్ల పాప. ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటారా? పాపకు ఎన్95 మాస్క్ వేయొచ్చా?
— ఇద్దరం ఉద్యోగస్తులం, కొండాపూర్

జవాబు: పాపకు ఆస్తమా లేకపోతే ప్యూరిఫైయర్ తొందరేమీ లేదు. కొంటే హెపా ఫిల్టర్ ఉన్నది, మీ గది కొలతకు సరిపోయేది కొనండి. ఓజోన్ వదిలే రకాలు అసలు వద్దు. హెపా దుమ్మును పడుతుంది, ఓజోన్‌ను ఆపదు. మూడేళ్ల ముఖానికి ఎన్95 సరిగ్గా కూర్చోదు, ఎండలో ఊపిరాడక ఇబ్బంది కూడా. ఆ డబ్బు, ఆ శ్రద్ధ పాప ప్రయాణం మీద పెట్టండి. స్కూటీ ముందు నిలబెట్టి ట్రాఫిక్‌లో తీసుకెళ్తే ముందు బండి పొగ సరిగ్గా ఆమె ముక్కు ఎత్తులోకే వస్తుంది. గల్లీ దారి పది నిమిషాలు ఎక్కువైనా ఆ దారిలోనే వెళ్లండి. కారులో అయితే రద్దీలో బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి. ఆపి ఉన్న కారులో పాపను రెండు నిమిషాలకు కూడా వదలకండి, ఎండలో పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

ప్రశ్న: నేను ఉప్పల్ దగ్గర ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. ఒంటిపూట బడులు కదా, పిల్లలు పన్నెండున్నరకు భోజనం చేసి మండే ఎండలో నడిచి ఇళ్లకు వెళ్తారు. నిన్న ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది. కొందరు తల్లులు జేబులో ఉల్లిపాయ పెట్టి పంపుతున్నారు, కొందరు ఓఆర్ఎస్ డబ్బాలు కొనిస్తున్నారు. బడిలో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక టీచర్, ఉప్పల్

జవాబు: టీచర్ గారూ, మీరు ఇది అడగడమే నాకు సంతోషం. జేబులో ఉల్లిపాయ ఉంటే నష్టం లేదు, కానీ అది వడదెబ్బను ఆపదు. ఉల్లిపాయ ఉందన్న ధైర్యంతో నీళ్ల సీసా లేకుండా పంపుతున్నారేమో చూడండి.

డబ్బాల్లో దొరికే తీపి పానీయాల విషయం తల్లులకు తప్పక చెప్పండి. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే ఉంటుంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన కొన్ని పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. విరేచనాలతో ఉన్న పిల్లలకు అది ఇంకా చేటు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ ఒకరు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాలు ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్‌నే తీసుకుని, దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం కలపాలి. అది విరేచనాలకు, నీరసించినప్పుడు వాడేది. రోజూ బడికి పంపడానికి మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు.

కేరళలో 2019లో బడుల్లో నీళ్ల గంట పెట్టారు. గంట కొడితే అందరూ నీళ్లు తాగాలి. మీ బడిలో ఎవరి అనుమతీ లేకుండా రేపే మొదలుపెట్టొచ్చు. కానీ గంట కొట్టినా ఆడపిల్లలు తాగకపోతే కారణం మరుగుదొడ్డి అని గుర్తించండి. దానికి గడియ లేక, నీళ్లు లేక, వెళ్లడం ఇష్టంలేక వాళ్లు పొద్దుటి నుంచి గొంతు తడుపుకోకుండా ఉంటారు. మూత్రంలో మంటతో నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు ఎండాకాలంలో ఎక్కువ. ముందు ఆ గడియ పెట్టించండి.

ఇంటికి దూరం నడవాల్సిన పిల్లలను భోజనం అవగానే పంపకుండా నీడలో కూర్చోబెట్టి, కథల పుస్తకాలిచ్చి, ఎండ తగ్గాక పంపే వీలుందేమో హెడ్‌మాస్టర్‌తో, తల్లిదండ్రులతో మాట్లాడండి. అది కుదరకపోతే సీసా నింపి, తల తడిపి, తువ్వాలు కప్పించి, జట్లుగా పంపండి. మీ గేటు ముందు ఆగే ఆటోలవాళ్లను ఇంజన్ ఆపమనండి. పిల్లలు నిలబడేది ఆ పొగ పక్కనే.

నిన్నటి పాపకు పొద్దున ఏం తిన్నదో అడిగారా? చాలామంది ఎనిమిదింటి బడికి ఖాళీ కడుపుతో వస్తారు. కళ్లు తిరిగినా తెలివిగా మాట్లాడుతూ ఉంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి, మెల్లగా నీళ్లు తాగించండి. అదే పిల్ల తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఆగకండి, పరుగెత్తిన పిల్లలకు చెమట ఉండగానే వడదెబ్బ తగలవచ్చు. 108కు ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా బకెట్లతో ఒళ్లంతా నీళ్లు పోస్తూ, అట్టలతో విసురుతూ ఉండండి. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు పోయకండి, జ్వరం మాత్ర వేయకండి, ఈ వేడికి అది పనిచేయదు. రెండు బకెట్లు, ఒక మగ్గు ఎప్పుడూ నింపి వరండాలో ఉంచమని ఈ రోజే ఆయాకు చెప్పండి.